ఎనిమిదో ఫారం

బైండరు ఇంట్లో గోడబీరువా నిండా పుస్తకాలే. అందులో తిన్నగా ఉన్నది మాత్రం ఒక్కటీ లేదు. ఒకదానికి మొదటి పదహారు పేజీలు లేవు, ఎవరో వెక్కివెక్కి ఏడుస్తుండగా కథ మొదలవుతుంది. ఇంకోదాంట్లో ఒక అధ్యాయమంతా తలకిందులుగా కుట్టుకుపోయింది. ఒక హత్య నవలకి చివర ఉండాల్సిన పేజీల బదులు కోళ్ళ పెంపకం పుస్తకం తాలూకు పేజీలు పడ్డాయి. ఆ హంతకుడెవరో ఆయనకి ఇప్పటికీ తెలీదు. కోడిపిల్లలకి వెచ్చదనం ఎలా అమర్చాలో మాత్రం బాగా తెలుసు.

"మనింట్లో బుద్ధిగా ఉన్న పుస్తకం ఒక్కటీ లేదు. అన్నీ మీ పోలికే" అంటుంది భార్య, దుమ్ము దులిపినప్పుడల్లా.

అవన్నీ ఆయన వయసులో ఉండగా పనిచేసిన అచ్చాఫీసువి. పెద్ద కాగితం మీద అచ్చయి, మడిస్తే పదహారు పేజీలయ్యేదాన్ని అక్కడ ఫారం అనేవారు. ఫారాల దొంతరలు పొడుగాటి బల్ల చుట్టూ వరసగా పెట్టుకుని, దొంతరకొకటి చొప్పున ఏరుకుంటూ గానుగెద్దులా తిరగాలి. ఒక చుట్టు తిరిగితే ఒక పుస్తకం చేతిలోకి వస్తుంది. వరస తప్పిన కాపీలు అమ్మడానికి పనికిరావు గనక యజమాని వాటిని పనివాళ్ళకే పంచేసేవాడు. కొందరు పొయ్యి రాజేసుకునేవారు, కొందరు అలమరల్లో పరుచుకునేవారు. ఈయన చదివాడు. బడి ఎప్పుడో మధ్యలో ఆగిపోయింది. ఆ తరవాత అబ్బిన చదువంతా ఆ వంకర పుస్తకాల్లోంచి వచ్చిందే.

చదివీ చదివీ ఆయనకి పుస్తకాల మీద కొన్ని సొంత అభిప్రాయాలు ఏర్పడ్డాయి. గట్టి పుస్తకం ఒక ఫారం పోయినా నిలబడుతుంది. బోలు పుస్తకంలో ఒక ఫారం పోయిందన్న సంగతే ఎవరికీ తెలియదు. రాసినవాడు కష్టపడ్డ చోటు ఏదో, చెయ్యి తిప్పేసిన చోటు ఏదో పుస్తకం వీపు తడిమినట్టు తడిమి చెప్పొచ్చు. ఖాళీ ఉన్న పుస్తకమైతే చదివేవాడికీ కాస్త పని తగులుతుంది. నిండు పుస్తకం చదువుతుంటే మాత్రం, ఏ పనికీ ఎవరూ పిలవని ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చున్నట్టుంటుంది ఆయనకి. ఈ మాటలు ఎవరికీ చెప్పేవాడు కాదు. ఒక్కసారి ఒక పుస్తకావిష్కరణ సభకి వెళ్ళాడు. వేదిక మీద ఒకాయన, మడతలైనా కోసి తెరవని కాపీ చేత్తో పట్టుకుని, దాని లోతుల గురించి సాయంత్రమంతా మాట్లాడాడు. ఆ తరవాత ఏ సభకీ వెళ్ళలేదు.

ఆయన మాటలన్నీ ఒక్క మనిషితోనే. ఆ మనిషి బావ.

బావంటే అక్క మొగుడు. అదే అచ్చాఫీసులో మెషీను నడిపేవాడు. చెయ్యెత్తు మనిషి, గొంతు అంతకంటే ఎత్తు. పని మానేసి ఏళ్ళయినా ఇప్పటికీ గోళ్ళ అంచుల్లో ఇంకు నలుపు పోలేదు. బైండరు సొంతంగా వీధిలోకి ఒక గది తీసుకుని బైండింగు కొట్టు పెట్టుకున్నప్పటినుంచీ, మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే వచ్చి స్టూలు మీద కూర్చోవడం బావకి అలవాటు. కూర్చోగానే ఏదో ఒక దారిన మాట తిరిగి తిరిగి అన్నదమ్ముల పుస్తకం దగ్గరికి వచ్చేది.

ఆ నవలకి వేరే పేరుంది గాని వాళ్ళిద్దరికీ అది అన్నదమ్ముల పుస్తకమే. ఏటి ఒడ్డున పడవలు కట్టుకుని బతికే ఇద్దరన్నదమ్ములు, వాళ్ళ తల్లి. తండ్రి పోయాక పడవల షెడ్డు ఎవరిదన్న మాట లేచి పెద్దదవుతుంది. ఏడో ఫారం చివర అన్న గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఉంటాడు, తమ్ముడు లేచి నిలబడతాడు. పేజీ తిప్పితే మళ్ళీ ఏడో ఫారమే. ఎనిమిదోది లేదు. తొమ్మిదో ఫారంలో చూస్తే అన్న ఏటి అవతల ఎక్కడో, ఒంటరిగా, తలుపులకి రంగులేసుకుంటూ ఉంటాడు. ఇవతల తల్లి ఇంకా ముగ్గురికి సరిపడా వండుతూ ఉంటుంది.

ఆ తప్పు బైండరు చేసిందే. ఆ రోజు మెషీను మీంచి ఎనిమిదో ఫారం ఆలస్యంగా వస్తోంది. బల్ల మీద ఆ చోటు బోసిగా ఉండటం నచ్చక, ప్రస్తుతానికని ఏడో ఫారం దొంతర ఇంకోటి అక్కడ పెట్టి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చి, మరిచిపోయి, చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అలా పాడైన కాపీల్లో ఒకటి బైండరుకి, ఒకటి బావకి వచ్చాయి.

"తమ్ముడే గెంటేశాడు" అన్నాడు బైండరు, చదివిన కొత్తలో.

"గెంటేస్తే పోయే మొహమా అది? తనే వెళ్ళిపోయాడు" అన్నాడు బావ.

"నువ్వే కదా అచ్చేశావు, చదవలేదా?"

"వంటవాడు ఉప్పు చూస్తాడురా, కడుపు నింపుకుంటాడా? నేను ఇంకు చూశాను. పైగా మడవని మా కాగితం మీద సగం పేజీలు శీర్షాసనం వేసి ఉంటాయి."

అంతే. ఆ వాదన అప్పుడు మొదలైంది, ఇద్దరి జుట్టూ నెరిసినా తెగలేదు. నిండు కాపీ కోసం వెతకలేదని కాదు. అచ్చాఫీసు మూతపడింది, పుస్తకం మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళి అడిగితే ఎవరో తీసుకెళ్ళారన్నారు. ఇద్దరూ ఏదో గండం గడిచినట్టు, కబుర్లు చెప్పుకుంటూ వెనక్కి వచ్చేశారు.

ఈ మధ్యనే ఒక సంగతి జరిగింది. తన ఇంటికొచ్చినా ఆగని వాళ్ళ అరుపులు భరించలేక అక్క ఒకనాడు తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"గెంటేశాడు, గెంటేశాడని ఆయన మొహమ్మీదే ఎందుకురా అరుస్తావు? ఆయన్ని వాళ్ళన్న పెట్టెతో సహా వీధిలో పెట్టాడు. నేను కళ్ళారా చూశాను. తనే వచ్చేశానని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ, నీ సొమ్మేం పోయింది?"

బైండరు ఇన్నేళ్ళూ తను సూది గుచ్చుతున్నది కాగితంలో అనుకున్నాడు. మర్నాడు వాదన మొదలవగానే, "పోనీలే బావా, నువ్వన్నట్టు తనే వెళ్ళాడేమో" అని చూశాడు. బావ అతని మొహం వెతికాడు. "ఒంట్లో బాగాలేదా? ఎవరైనా ఏమైనా చెప్పారా?" అన్నాడు. గొంతు తగ్గింది. ఆ తగ్గిన గొంతు వినలేక బైండరు వెంటనే బల్ల మీద గుద్దాడు. "ఏం చెప్తారు? గెంటేశాడనే చెప్తారు!" బావ మొహం వికసించింది. అప్పటినుంచీ బైండరు లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి వాదిస్తున్నాడు. నమ్మకంతో వాదించడం కంటే అదే కష్టమని తెలిసొచ్చింది.

అలాంటి రోజుల్లో గ్రంథాలయం మేడం ఒక పాత పుస్తకం తువ్వాలులో చుట్టి తెచ్చింది. ఎలుకలు కొరికి, వీపు ఊడి, ఆకులు ఆకులుగా విడిపోయిన పుస్తకం.

"ఎక్కడో మూలన పడుంటే దొరికిందండీ. మా దగ్గర ఇదొక్కటే కాపీ. రేపొద్దున పైనుంచి తనిఖీకి వస్తున్నారు, అప్పటికి నిలబడేలా చేసివ్వగలరా?"

తువ్వాలు విప్పగానే ఆ అట్ట చూసి బైండరు చెయ్యి ఆగింది. చెయ్యగలనన్నాడు. తరవాత, "ఫారాలన్నీ ఉన్నాయా?" అని అడిగాడు.

"అది మీరే చూడాలి మరి" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆయనకి కాళ్ళు నిలవలేదు. జిగురు కలపబోయి మానేశాడు. దారానికి మైనం పట్టించి, పట్టించిన దారానికే మళ్ళీ పట్టించాడు. చదవకపోతే ఏ గొడవా లేదు, కుట్టేసి ఇచ్చేస్తే సరి. కాని పేజీల వరస చూడకుండా కుట్టేవాడు బైండరెలా అవుతాడు? పేజీ అంకెలున్న మూలలే ఎలుకలు తినేశాయి. ఎనిమిదో ఫారం మడత తెగి, ఆకులు పేకముక్కల్లా కలిసిపోయాయి. వాటిని వరసలో పెట్టాలంటే ఒక పేజీ చివరి వాక్యం, తరవాతి పేజీ మొదటి వాక్యం కలిపి చూడాల్సిందే.

సరే, అంతే చూద్దాం, నడుమ చూడొద్దు అనుకున్నాడు. ఒక అట్టముక్క తీసుకుని పేజీ మధ్యలో కప్పి, పై వాక్యం, కింది వాక్యం మాత్రమే చదవసాగాడు.

మొదటి ఆకు అడుగున: "తమ్ముడు సుత్తి చేతిలోకి తీసుకున్నాడు."

ఇంకో ఆకు తలమీద: "అరచేయి చీరుకుపోయి నెత్తురు కారుతున్నా అన్న నోరు తెరవలేదు."

మరో ఆకు అడుగున: "వంచితే వంగనిది ఇక విరగాల్సిందేనని తమ్ముడికి తెలుసు."

గెంటెయ్యడం కాదు, అంతకంటే ఘోరమేదో జరిగింది. ఈ పేజీలు బావ కంటపడితే? పడకపోతే మాత్రం, రేపటినుంచి ఆయన ఎదురుగా ఇది తెలిసిన మొహంతో కూర్చోవడం ఎలా? ఆకులన్నీ గబగబా దగ్గరికి లాగి, బిగింపు చెక్కల కింద తోసేశాడు.

సరిగ్గా అప్పుడే బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏంరా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?"

"ఏం లేదు."

"ఏం లేనివాడు దారం పళ్ళతో ఎందుకు నములుతున్నాడు? మా చెల్లెమ్మ అన్నం పెట్టలేదా?"

"పెట్టింది. నీకు పెట్టలేదేమో మా అక్క, ఇంత త్వరగా ఊడిపడ్డావు."

"మీ అక్క పెట్టేది తిని ఇన్నేళ్ళు బతికానంటే అది నా గట్టితనంరా. ఆ చెక్కల కింద ఏంటి?"

"పెళ్ళి ఆల్బం."

"ఆల్బం అయితే అంత కంగారుగా దాస్తావా? నీ పెళ్ళిదా?"

బైండరుకి నవ్వు రాలేదు. తనకి అత్యవసరమైన పని ఉందని, సాయంత్రం రమ్మని చెప్పి బావని పంపేశాడు. ఇన్నేళ్ళలో ఆ స్టూలు మీంచి మనిషిని లేపడం అదే మొదలు. బావ గుమ్మంలో ఆగి చెప్పులేసుకుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. బైండరు తెలియకుండానే లేచి నిలబడి ఉన్నాడు. ఏడో ఫారం చివరి పేజీలా ఉంది, ఇద్దరూ నిలబడ్డ తీరు. బైండరు చప్పున కూర్చున్నాడు.

తలుపు ఓరగా వేసి ఆకులు తీశాడు. అట్టముక్క అవతల పారేసి మొదటినుంచీ చదివాడు.

అన్న చెప్పులేసుకుని వెళ్ళింది కలప కోసం. ఆ ఫారం మొత్తం ఒక పడవ కట్టడమే. కొత్త పడవ. అన్నదమ్ములిద్దరూ మాటామంతీ లేకుండా కడతారు. దుంగ కోస్తారు, పలకలు నున్నగా చిత్రిక పడతారు. పలకని ఆవిరి పట్టి వంచుతారు. వంచితే వంగని పలక విరుగుతుంది, ఇంకోటి పెడతారు. చెక్కపేడు దిగి అన్న అరచేయి చీరుకుపోతుంది. తమ్ముడు సుత్తి తీసుకుని అన్న పట్టుకున్న మేకు మీద కొడతాడు, అన్న చెయ్యి వెనక్కి తియ్యడు. షెడ్డు ఊసు లేదు. వెళ్ళడం ఊసు లేదు.

బైండరు చదువుతూ చదువుతూ మధ్యలో బావనీ మరిచిపోయాడు, తనిఖీనీ మరిచిపోయాడు. రాసినవాడికి పడవ కట్టడం వచ్చు. వినికిడి కబుర్లు కావు, చేతికి దెబ్బలు తగిలించుకుని నేర్చుకున్న పని. సందుల్లో తారు కూరేటప్పుడు ఎండ ఏ పక్కనుంచి పడాలో కూడా రాశాడు. ఇన్నేళ్ళూ ఆ ఖాళీలో తాను ఎన్ని కేకలు, ఎన్ని తిట్లు పోసి నింపాడో తలుచుకుంటే సిగ్గేసింది. అక్కడ ఉన్నదల్లా పని.

ఆఖరి పేజీలో పడవ ఇసుక మీద సిద్ధంగా ఉంటుంది. అన్న ఎక్కి కూర్చుంటాడు. తమ్ముడు ఒక చేత్తో తెడ్డు ఇసుకలో ఊతంగా గుచ్చి పట్టుకుని, భుజం ఆనించి, పడవని నీళ్ళలోకి తోస్తాడు. ఫారం అయిపోయింది.

బైండరు ఆ పేజీ మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. గెంటాడా? వెళ్ళాడా? ఒళ్ళు మండింది. పదహారు పేజీలు పడవకి పోసి ఒక్క వాక్యం మనుషులకి పొయ్యలేకపోయాడా మహానుభావుడు! గదిలో అటూ ఇటూ తిరిగాడు. వీధిలోకి చూశాడు. ఈ పేజీలు దాచడం ఎందుకు, చూపించడం ఎందుకు, ఏదీ తేలలేదు. తేలకుండానే వెళ్ళి బావని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"ఇదిగో, ఎనిమిదో ఫారం" అన్నాడు బల్ల చూపించి.

బావ నవ్వబోయి మానేశాడు. స్టూలు మీద నెమ్మదిగా కూర్చున్నాడు. ఒక ఆకు తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇంకు సమంగా పడింది. నా చెయ్యే."

"ముందు చదువు బావా."

"ఉండరా. నువ్వు చదివావా?"

"చదివాను."

"ఏముంది?"

"నేను చెప్పను."

బావ పెదాలు కదుపుతూ చదివాడు. వేలు వాక్యం కింద నడుస్తోంది. బైండరు ఆయన మొహం చూడలేక కత్తెర సాన పట్టడం మొదలుపెట్టాడు. పదునుగా ఉన్న కత్తెరే అది. ఆకులు ఒక్కొక్కటీ ఇటునుంచి అటు మారుతున్నాయి. ఆఖరి ఆకు దగ్గర బావ వేలు ఆగింది. ఆగిన చోటినుంచి వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకొచ్చింది.

"అదుగో!" అన్నాడు బావ. గొంతు కొట్టంతా నిండింది. "నేను చెప్పలేదూ? ఎక్కి కూర్చుంది ఎవరు? తనే! ఎవరైనా ఎత్తి పడేశారా? చూసుకో, నీ రెండు కళ్ళతో చూసుకో!"

బైండరుకి ప్రాణం లేచొచ్చింది. అవును బావా, నువ్వే గెలిచావు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకటి తగ్గిన గొంతు గుర్తుకొచ్చి దాన్ని మింగేశాడు. ఒప్పుకుంటే తను జాలిపడ్డాడని బావ పసిగడతాడు. ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు.

"ఎక్కితే? తోసింది ఎవరు? భుజం ఆనించి మరీ తోశాడు! కొంచెం నెమ్మదిగా తోసినంత మాత్రాన గెంటడం కాకుండా పోతుందా?"

బావ ఆకు బల్ల మీద పెట్టి, దాని ముడత అరచేత్తో సాఫు చేశాడు. చేస్తూనే ఉన్నాడు. బైండరుకి భయమేసింది. ఎక్కువ లాగానా దారం?

"తోశాడే అనుకో" అన్నాడు బావ చివరికి, వీధి వైపు చూస్తూ. "ఎవరో ఒకరు తొయ్యకపోతే ఇసుక మీది పడవ కదలదు. తోశాడు. సరే. కూర్చున్నవాడు దిగలేదుగా?"

బావ బైండరు వైపు తిరిగి, ఏదో తెలిసినవాడిలా ఒకసారి చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు.

"ఇక కుట్టు. వరస మాత్రం తప్పకు. ఈసారి టీకి వెళ్ళకు" అని వెళ్ళిపోయాడు.

బైండరు తెగిన మడతలకి పల్చటి కాగితం అతికించాడు. ఆరాక ఫారాలన్నీ పేర్చి కుట్టడానికి కూర్చున్నాడు. అంతా అయిపోయింది. బావ గెలిచాడు, నిజంగానే గెలిచాడు, మెచ్చుకోవాల్సిన మాట అన్నాడు. మరి రేపు స్టూలు మీద కూర్చుని ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు? మోకాళ్ళ నొప్పుల గురించా? ఏడో ఫారం కుట్టాడు. ఎనిమిదోది కుట్టాడు. ఎన్నాళ్ళుగానో బోసిగా ఉన్న చోట అది చక్కగా ఒదిగి కూర్చుంది. కూర్చున్నందుకు సంతోషించాల్సింది పోయి, ఊడిన పన్ను చోట కొత్త పన్ను పెట్టించుకున్నట్టు చేతికి ఎబ్బెట్టుగా తగులుతోంది.

తొమ్మిదో ఫారం అందుకున్నాడు. ఎనిమిదోదాని ఆఖరి పేజీ, తొమ్మిదోదాని మొదటి పేజీ జీవితంలో మొదటిసారి పక్కపక్కన పడ్డాయి. అలవాటుకొద్దీ పై పేజీ చివరి వాక్యం, కింది పేజీ మొదటి వాక్యం కలిపి చూశాడు. పడవ నీళ్ళలోకి జారింది, తెడ్డు తమ్ముడి చేతిలో ఉండిపోయింది. ఇటు చూస్తే అన్న ఏటి అవతల తలుపులకి రంగులేస్తున్నాడు.

సూది ఆగింది.

తెడ్డు ఇవతలే ఉండిపోతే అన్న అవతలి ఒడ్డుకి ఎలా చేరాడు? వెనక్కి తిప్పి చూశాడు, పడవలో రెండో తెడ్డు లేదు. ఎక్కడా లేదు. పడవ కట్టడం అంత బాగా తెలిసినవాడు తెడ్డు మరిచిపోతాడా? మరవలేదు. కావాలనే వదిలేశాడు. ఇక్కడా ఒక ఫారం లేదు. ఇది ఏ మెషీనూ వెయ్యనిది, ఏ బైండరూ పోగొట్టనిది.

కుడుతున్న పుస్తకం మధ్యలో వదిలి లేవడం ఆయన ఏనాడూ ఎరగడు. సూది వేలాడుతుండగానే లేచాడు. తలుపుకి తాళం వేశాడో లేదో మళ్ళీ తోసి చూసుకుని, దీపాలు పెట్టే వేళకి అక్క ఇంటి మెట్లెక్కాడు.

"ఏంట్రా ఆయాసం? ఎవరికేమైంది?" అంది అక్క.

"ఎవరికీ ఏం కాలేదు. బావేడీ? ఆయన చెప్పింది తప్పు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. "ఏది తప్పురా?" అంటూ గొంతు ముందు వచ్చింది, మనిషి తరవాత వచ్చాడు.

"దిగలేదన్నావుగా? తెడ్డు లేనివాడు దిగక ఎలా పోయాడు బావా? తెడ్డు తమ్ముడి చేతిలోనే ఉంది!"

బావ గుమ్మంలో నిలబడిపోయాడు. కనుబొమలు ముడిపడ్డాయి, తరవాత కళ్ళలో పాత మెషీను పూర్తి వేగం అందుకున్నప్పటి మెరుపు వచ్చింది.

"చేత్తో నీళ్ళు తోసుకుంటూ పోయుంటాడు. కూర్చో, చెప్తాను."

"కూర్చునే తీరిక లేదు. అక్కడ సూది వేలాడుతోంది. చేత్తోనా? ఆ చీరుకుపోయిన చేత్తోనా?" అన్నాడు బైండరు, మెట్టు దిగకుండా, గడపలోకి రాకుండా.